యూరప్ పల్లెల ఎంబ్రాయిడరీ మన కుషన్లకు, కుర్తీలకు: ముందు గుడ్డ చూడండి, తర్వాత డిజైన్

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మగ్గం వర్క్, చేతి ఎంబ్రాయిడరీ మీకు బాగా వచ్చు. నెట్‌లో చూసిన యూరప్ జానపద డిజైన్లను కుషన్ కవర్లు, టోట్ బ్యాగులు, కుర్తీల మీద కుట్టి అమ్మాలనుకుంటున్నారు. దేనితో మొదలుపెట్టాలి, డిజైన్లు ఎక్కడ దొరుకుతాయి, మన గుడ్డలకు నప్పుతాయా, అమ్ముకుంటే తప్పా అని అడిగారు. నాలుగు ఫొటోలు కూడా పెట్టారు. నాలుగింటి మీదా "స్కాండినేవియన్ ఫోక్ ఆర్ట్" అనే రాసి ఉంది కానీ, స్కాండినేవియాది చివరిది ఒక్కటే. నల్ల గుడ్డ మీద గులాబీలది హంగరీ. ఎరుపు నలుపు క్రాస్ స్టిచ్ పూలది ఉక్రెయిన్. జాకెట్టు చేతి మీద అడ్డపట్టీ, దాని కింద నిలువు వరుసలు ఉన్నది రుమేనియా. తెల్ల గుడ్డ మీద తెల్ల దారంతో, చదరంగా కన్నాలు కోసినది మాత్రం నార్వే వాళ్ల హార్డాంగర్.

ఫొటో కింద ఏ పేరు రాస్తే ఏముంది అనుకోకండి. ఊరు తెలిస్తే కుట్టు తెలుస్తుంది, కుట్టు తెలిస్తే ఏ గుడ్డ కొనాలో తెలుస్తుంది. మనలో చాలామంది ముందు డిజైన్ ఎంచుకుని, తర్వాత ఇంట్లో ఉన్న గుడ్డ తీస్తారు. ఈ పనిలో అది తలకిందుల పద్ధతి. ఈ డిజైన్లు రెండు జాతులు. ఒకటి గుడ్డ పోగులు లెక్కపెట్టి కుట్టేది. ఇంకొకటి గుడ్డ మీద బొమ్మ గీసి నింపేది. మీ ఫొటోల్లో హంగరీది గీసి నింపేది, మిగతా మూడూ లెక్కవి. మీకు మగ్గం అలవాటుంది కాబట్టి మీ చెయ్యి రెండో జాతికి, అంటే గీసి నింపేదానికి, ఇప్పటికే సిద్ధం. అందుకే నా సలహా, హంగరీతో మొదలుపెట్టండి.

హంగరీలో కూడా మీకు పనికొచ్చేవి రెండు ఊళ్ల పద్ధతులు, వాటిని కలిపెయ్యకూడదు. మెజోకోవెష్ద్ పట్టణం, దాని పక్కనున్న తర్ద్, సెంటిష్ట్వాన్ ఊళ్లలో ఉండేవాళ్లను మత్యోలు అంటారు. నల్ల గుడ్డ మీద కిక్కిరిసిన గులాబీలు వాళ్లవి. అక్కడ ఆడవాళ్లే కాదు, పెళ్లీడు కుర్రాళ్లు కూడా ఇలా పూలు కుట్టిన పొడవాటి ఏప్రాన్లు కట్టుకునేవారు. ఈ కళను యునెస్కో 2012లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. రెండోది కలోచ. మిరప పొడికి పేరున్న ఊరు. అక్కడ ఆడవాళ్లు ఇంటి గోడల మీద కూడా ఇవే పూలు వేసేవారు. కలోచ పని మొదట్లో తెలుపు మీద తెలుపుగానే ఉండేది, రంగులు తర్వాత వచ్చాయి. ఇప్పుడు మనం చూసేది తెల్ల గుడ్డ మీద సన్నని కాడలు, రకరకాల ఆకుపచ్చ ఆకులు, పూలు, మధ్య మధ్య మిరపకాయలు, అక్కడక్కడ కోసిన కన్నాలు. మత్యోలో గుడ్డ దాదాపు కనపడదు. కలోచలో పువ్వుకీ పువ్వుకీ మధ్య గాలి ఆడుతుంది. కుషన్‌కి మత్యో, కుర్తీ మెడకి కలోచ. నన్నడిగితే ఇంతే.

రెండు చోట్లా బొమ్మ గీసే మనిషి వేరు, కుట్టే మనిషి వేరు. గీసేవాళ్లను "రాసే అమ్మలు" అన్న అర్థంలో పిలిచేవారు. వాళ్లలో అందరికన్నా పేరున్నావిడ మెజోకోవెష్ద్‌కి చెందిన బోరి కిష్ యాంకో (1876–1954). ఆవిడ ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఇది మీకెందుకు చెబుతున్నానంటే, ఆ పద్ధతి మన దగ్గర ట్రేసింగ్ వేసి ఇచ్చే షాపుల పద్ధతే. ట్రేసింగ్ పేపర్‌కి సూదితో చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన పొడి రుద్దితే గుడ్డ మీద చుక్కలు పడతాయి చూడండి, ఈ డిజైన్లను మీరు అలాగే దించుకోవచ్చు. నల్ల గుడ్డకి తెల్ల పొడి వాడండి. కార్బన్ పేపర్ వద్దు, ఆ గీత ఉతికినా పోదు.

ఇప్పుడు మత్యో గులాబీని దగ్గరగా చూడండి. ఒక రేకును ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే పొడవు కుట్టుతో నింపరు. మధ్యలో చిన్న గుండె, దాని చుట్టూ ఒక రంగు వరుస, దాని చుట్టూ ఇంకో రంగు వరుస, అలా అంచు దాకా వెళ్తారు. ముదురు ఎరుపు, ఎరుపు, గులాబీ, పసుపు. అందం కోసమే అనిపిస్తుంది కానీ అసలు లాభం వేరే ఉంది. ప్రతి వరుస సన్నగా ఉండడం వల్ల శాటిన్ స్టిచ్, అంటే పోగు పక్కన పోగు ఆనించి నింపే కుట్టు, ఎక్కడా పొడవుగా సాగదు. కుషన్ మీద పిల్లలు ఎక్కి దూకినా, బ్యాగు బస్సులో రాసుకున్నా పోగు లేవదు. వాడే వస్తువు మీద శాటిన్ కుట్టు ఒక సెంటీమీటరు దాటకుండా చూసుకోండి. దాటితే ఆ రేకును ఇంకో వరుసగా విడగొట్టండి. రంగులు తగ్గించి "సింపుల్" చేద్దామని కొందరు రేకు మొత్తం ఒకే ఎరుపుతో నింపేస్తారు. అప్పుడు గులాబీ పోతుంది, గట్టితనమూ పోతుంది.

దారం విషయానికొస్తే యాంకర్ ఆరు పోగుల కాటన్ చాలు. శాటిన్‌కి రెండు పోగులు తీసి కుట్టండి, మూడైతే అంచు మొద్దుగా వస్తుంది. మెరుపు కోసం బజార్లో దొరికే చవక రకం సిల్క్ దారం మాత్రం కుషన్లకి వాడకండి. ఎరుపు రంగు దిగితే పక్కనున్న పసుపంతా పాడవుతుంది. ఏ దారమైనా ముందు పరీక్ష చేయండి. ఒక ముక్కను తడి తెల్ల గుడ్డ మధ్య పెట్టి, వేడి ఇస్త్రీ పెట్టె అదిమితే నిమిషంలో నిజం తెలిసిపోతుంది. గుడ్డను కూడా కుట్టకముందే ఒక రాత్రి నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయాలి. కుట్టిన తర్వాత గుడ్డ కుంచించుకుపోతే పువ్వు చుట్టూ ముడతలు వస్తాయి, వాటిని ఏ ఇస్త్రీ తీయలేదు. బ్యాగుకి మందపాటి కాన్వాస్, కుషన్‌కి కాస్త బరువైన కాటన్ చూసుకోండి.

మీరు మగ్గం వాళ్లు కాబట్టి ఒకటి ముందే చెప్పేస్తాను. ఈ గులాబీల మీద కుందన్లు, పూసలు, జర్దోసీ వేయాలని చెయ్యి లాగుతుంది. వేయకండి. ఇందులో లోతు అంతా రంగు పక్కన రంగు పెట్టడంలోనే ఉంది. పైన రాయి మెరిస్తే కన్ను రాయి మీదకే పోతుంది. పైగా తలకింద పెట్టుకునే కుషన్ మీద రాళ్లేమిటి?

ఇక లెక్క కుట్లు. వీటికి మన దగ్గర అందరికీ తెలిసిన గుడ్డ మ్యాటీ క్లాత్. స్కూల్లో క్రాస్ స్టిచ్ నేర్పేది దాని మీదే. లేదా గళ్లు గళ్లుగా నేసిన ఐడా గుడ్డ. ఐడా అయితే అంగుళానికి పద్నాలుగు గళ్లు ఉన్నది తీసుకోండి. దానికి రెండు పోగుల దారం, మొన మొద్దుగా ఉండే 24 నంబరు సూది. పదకొండు గళ్ల గుడ్డైతే మూడు పోగులు. డిజైన్ ఎంత వస్తుందో లెక్క కట్టడం చాలా తేలిక. డిజైన్ వెడల్పు 98 గళ్లు అనుకుంటే, 14 గళ్ల గుడ్డ మీద 7 అంగుళాలు, 11 గళ్ల గుడ్డ మీద దాదాపు 9 అంగుళాలు. పదహారు అంగుళాల కుషన్‌కి రెండోదే నిండుగా ఉంటుంది. బోర్డరు కుట్టేటప్పుడు ఒక పువ్వు మళ్లీ మొదలయ్యే దాకా ఎన్ని గళ్లో చూసుకోండి. 24 గళ్లకి ఒకసారి వస్తుంటే, 14 గళ్ల గుడ్డ మీద 12 అంగుళాల్లో 168 గళ్లు ఉంటాయి, అంటే సరిగ్గా ఏడు పూలు. అలా సరిపోయే కొలతకే గుడ్డ కత్తిరించండి. కొలత ముందే ఖాయమైతే, కుట్టడం మధ్య నుంచి మొదలుపెట్టి రెండు వైపులా వెళ్లండి. మూలలో పువ్వు సగం తెగితే ఎంత బాగా కుట్టినా అనాథలా కనిపిస్తుంది.

చేనేత గుడ్డ మీద నేరుగా లెక్క కుట్టు కుట్టొచ్చా అన్నారు. కొన్నిటి మీద కుట్టొచ్చు. ముందు గుడ్డ మీద అడ్డంగా ఒక అంగుళం, నిలువుగా ఒక అంగుళం గుండుసూదులు గుచ్చి పోగులు లెక్కపెట్టండి. పడుగు, పేక సమానంగా లేకపోతే బొమ్మ సాగుతుంది. ఉదాహరణకి అడ్డంగా కొలిస్తే 28 పోగులు, నిలువుగా కొలిస్తే 24 ఉన్నాయనుకోండి. రెండేసి పోగుల మీద 56 కుట్ల చదరపు డిజైన్ కుడితే వెడల్పు 4 అంగుళాలు, ఎత్తు నాలుగున్నర దాటుతుంది. పూల బోర్డరుకి పర్వాలేదు, ఎనిమిది మొనల నక్షత్రానికి మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మంగళగిరి కాటన్ లాంటి సన్న నేత మీద పోగులు లెక్కపెట్టడం కళ్లకి శిక్ష. దానికి నీళ్లలో కరిగిపోయే కాన్వాస్ అని ఆన్‌లైన్లో దొరుకుతుంది. దాన్ని కుర్తీ మీద కచ్చా కుట్టు వేసి, దాని గళ్లను బట్టి కుట్టి, చివర్లో గోరువెచ్చని నీళ్లలో ముంచితే కరిగిపోయి కుట్టు మాత్రమే మిగులుతుంది. అప్పుడు మొద్దు సూది పనికిరాదు, మామూలు మొనదేలిన సూది కావాలి.

మీ రెండో ఫొటోలోని ఎరుపు నలుపు గులాబీల గురించి ఒక విషయం తెలిస్తే మీకు ధైర్యం వస్తుంది. "ఇది వేల ఏళ్ల నాటి ఉక్రెయిన్ డిజైన్" అని కింద రాశారు కానీ కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో మాస్కోలో బ్రొకార్ అనే సబ్బుల కంపెనీ తన సబ్బులతో పాటు క్రాస్ స్టిచ్ నమూనాల కాగితాలు పంచింది. అచ్చులో ఉన్నవి ఎరుపు, నలుపే. అవి పల్లె పల్లెకీ పోయాయి, ఆడవాళ్లు వాటినే చొక్కాల మీద కుట్టారు, అదే వాళ్ల కట్టు అయింది. అంతకుముందు నుంచీ ఉన్నవి వేరే ఉన్నాయి. పోల్టావా ప్రాంతంలో రెషెతిలివ్కా తెలుపు మీద తెలుపు పనికి ప్రసిద్ధి. పశ్చిమాన బోర్ష్చివ్ చొక్కాల చేతులైతే నల్ల ఉన్ని దారంతో నల్లగా కమ్మేసి ఉంటాయి. సబ్బు కాగితం గులాబీ నకిలీదని నేననను. మూడు నాలుగు తరాలు ఒంటి మీద వేసుకుని, పెళ్లిళ్లకీ చావులకీ వాడిన డిజైన్ జానపదం కాకుండా ఎలా పోతుంది? కానీ మీరు అమ్మేటప్పుడు "వేల ఏళ్ల నాటి" అని రాయకండి. ఈ గులాబీలు టోట్ బ్యాగుకి భలే ఉంటాయి. రెండే రంగులు, దూరం నుంచి కూడా కనిపిస్తాయి.

మూడో ఫొటో, రుమేనియా జాకెట్టు. దీన్ని అక్కడ "ఇయె" అంటారు. కుర్తీ కుట్టేవాళ్లకి ఇంతకన్నా పనికొచ్చేది ఇంకోటి లేదు. అయితే ఇందులోంచి తీసుకోవాల్సింది పువ్వు కాదు, అమరిక. చెయ్యి మీద మూడు భాగాలు ఉంటాయి. భుజం దగ్గర దట్టంగా కుట్టిన అడ్డపట్టీ, దాని పేరు అల్తిత్స. దాని కింద ఒకే రంగులో, తరచుగా లేత రంగులో, ఒక పట్టీ. ఆ కింద ముంజేతి దాకా నిలువుగానో ఏటవాలుగానో జారే వరుసలు. వాటిని నదులు అంటారు. పై పట్టీలో కళ్లు నిండిపోతాయి, లేత పట్టీలో విశ్రాంతి తీసుకుంటాయి, తర్వాత వరుసల వెంట కిందకి దిగుతాయి. ఆ మధ్య పట్టీని చాలామంది "ఖాళీగా ఉంది" అని వదిలేస్తారు. అది తీసేస్తే పైన బరువు, కింద బరువు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మీ మోచేతుల కుర్తీకి ఈ మూడు భాగాలూ కొలత తగ్గించి పెట్టండి. లోపల పువ్వులు మీ సొంతవైనా సరే, అమరిక నిలబడుతుంది. భుజం మీద ఈ ఎంబ్రాయిడరీ ఉన్న జాకెట్టు కళను రుమేనియా, మోల్డోవా రెండింటి పేరుతో యునెస్కో 2022లో గుర్తించింది. చిత్రకారుడు మాతిస్ కూడా ఈ జాకెట్టు మీద మనసుపడి 1940లో బొమ్మ పూర్తి చేశాడు.

హార్డాంగర్ ఇప్పుడే వద్దు. ఇష్టం లేక కాదు, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. కానీ అందులో గుడ్డను కోస్తాం, తప్పు కోస్తే వెనక్కి రాదు. నార్వే పశ్చిమాన హార్డాంగర్ ఫియోర్డ్ చుట్టుపక్కల ఆడవాళ్ల పండగ బట్టల్లో, తెల్ల ఏప్రాన్ మీద ఇది ఉంటుంది. ఒక్క సూత్రం మీద నడుస్తుంది: నాలుగు పోగుల మీదుగా, పక్కపక్కనే ఐదు శాటిన్ కుట్లు. ఇది ఒక కట్ట. ఈ కట్టలు ఎదురెదురుగా వచ్చేలా చుట్టూ కట్టుకుంటూ వెళ్లి, లోపలి పోగులను నాలుగేసి చొప్పున కోసి తీసేస్తారు. కోయాల్సింది కుట్ల కొసలు దిగిన అంచు వెంబడే. కుట్టు పొడవునా ఉన్న పక్క వైపు పొరపాటున కత్తెర పెడితే అక్కడ పట్టుకునేది ఏమీ లేదు, పీచు లేస్తుంది. కోసే ముందు ప్రతి కట్టకీ ఎదురు కట్ట ఉందో లేదో వేలు పెట్టి చూసుకోవాలి. దీనికి అంగుళానికి 22 జంట పోగులు ఉండే ప్రత్యేకమైన గుడ్డ వస్తుంది, జంటను ఒకటిగా లెక్కపెట్టాలి. కట్టలకి 5 నంబరు పర్ల్ కాటన్ (పోగులు విడదీయకుండా వాడే మెలితిప్పిన దారం), మిగిలిన పోగులకు చుట్టి అల్లడానికి 8 నంబరు. వదులు నేత మ్యాటీ మీద ప్రయత్నించకండి, కోసిన చోట జారిపోతుంది. టేబుల్ రన్నర్‌కి, దీపం షేడ్‌కి ఇది అద్భుతం, బ్యాగుకి అసలు పనికిరాదు. రన్నర్ చేసిన రోజున అంచుకి నరసాపురం లేసు వేసి చూడండి. ఆ లేసు పని కూడా పందొమ్మిదో శతాబ్దంలో స్కాట్లాండ్ మిషనరీల ద్వారా గోదావరి ఒడ్డుకు వచ్చినదే, తెలుపు పక్కన తెలుపు చక్కగా ఒదుగుతుంది.

ఇవి కాక పిల్లల గౌన్లకి, న్యాప్‌కిన్లకి ఏదైనా చిన్నది కావాలంటే పోలండ్ ఉత్తరాన కషూబియన్ల పని చూడండి. గీసి నింపేదే. మూడు నీలాలు, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నలుపు, మొత్తం ఏడు రంగులు. మూడు నీలాలూ ఉంటేనే అది కషూబియన్ పనిలా ఉంటుంది.

డిజైన్లు ఎక్కడ అంటే, పింట్‌రెస్ట్ కన్నా మ్యూజియంల సైట్లు వెయ్యి రెట్లు నయం. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి కాపీరైట్ లేని తన వస్తువుల ఫొటోలను ఎవరైనా, వ్యాపారానికైనా వాడుకోవచ్చని వదిలేసింది. వస్తువు పేజీలో "పబ్లిక్ డొమైన్" గుర్తు ఉందో లేదో చూసుకోండి. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం సైట్‌లో కూడా ఇలాంటివి చాలా ఉన్నాయి. పాత అచ్చు నమూనాలు కూడా వెతకండి. జర్మనీలో న్యూరెంబర్గ్‌లో యోహాన్ జీబ్మాఖర్ 1597లోనే గళ్ల కాగితం మీద నమూనాలు అచ్చువేశాడు. లేళ్లు, పక్షులు, కుండీలో పూలు. అవి నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా గడికి ఒక కుట్టు చొప్పున అలాగే కుట్టుకోవచ్చు. కర్ణాటక కసూతి ఎంబ్రాయిడరీలో గవంతి కుట్టు తెలిసినవాళ్లకి ఇంకో సౌకర్యం ఉంది. ముందుకి ఒకసారి, వెనక్కి వస్తూ ఖాళీలు నింపుతూ ఒకసారి వెళ్లే ఆ కుట్టే యూరప్‌లో హోల్బైన్ కుట్టు, కాబట్టి ఆ డిజైన్లకి కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు.

అమ్మడం సంగతి. పాత జానపద నమూనా మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు. కానీ దాన్ని చూసి ఈనాటి డిజైనర్ ఒకరు గళ్లలో గీసిన చార్టు ఆ డిజైనర్ సొత్తు. డబ్బు పెట్టి కొన్నా సరే, కుట్టి అమ్ముకోవడానికి అనుమతి ఉందో లేదో అందులో చదవండి. ఆ చార్టును ఫొటో తీసి గ్రూపుల్లో పంచడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన పేరు దాచేయొచ్చని కాదు. 2017లో ఫ్రాన్స్ ఫ్యాషన్ సంస్థ డియోర్ ఒక కోటును తెచ్చింది. అది రుమేనియాలో బిహోర్ ప్రాంతపు సంప్రదాయ కోటుకి దాదాపు నకలు, ఆ ఊళ్ల పేరు ఎక్కడా లేదు. అక్కడి కళాకారుల తరఫున ఒక పత్రిక ముందుకొచ్చి, "బిహోర్ కుటూర్" పేరుతో వాళ్ల అసలు పనిని నేరుగా అమ్మే సైట్ పెట్టింది. ఆ కోపం న్యాయమైనది. మన కలంకారీనో, పోచంపల్లినో బయటివాళ్లు పేరు లేకుండా అమ్మితే మనకెలా ఉంటుంది? కాబట్టి ట్యాగు మీద రెండు ముక్కలు రాయండి: "హంగరీ మత్యో గులాబీల స్ఫూర్తితో, ఆంధ్రలో చేత్తో కుట్టినది." "మత్యో ఎంబ్రాయిడరీ" అని ఊరికే రాస్తే అది అక్కడ తయారైందన్న అర్థం వస్తుంది, అలా వద్దు. మీరు ఈ మాట రాస్తే కొనేవాళ్లు అడుగుతారు, మీరు చెబుతారు. అమ్మకానికీ అది మంచిదే.

మొదటి పనిగా పదహారు అంగుళాల నల్ల కుషన్ కవరు తీసుకోండి, మధ్యలో ఒకే ఒక పెద్ద గులాబీ, చుట్టూ నాలుగు ఆకులు. ఎరుపులో మూడు ఛాయలు, పసుపు ఒకటి, ఆకుపచ్చ రెండు, నీలం ఒకటి కొనండి. రింగులో గుడ్డ బిగుతుగా పెట్టి, గులాబీ లోపలి గుండె నుంచి బయటి వరుసలకి రండి. పని ఆపిన ప్రతిసారీ రింగు తీసేయండి, లేకపోతే దాని గుర్తు గుడ్డ మీద ఉండిపోతుంది. పూర్తయ్యాక ఇస్త్రీ చేసేటప్పుడు కింద మెత్తటి టవల్ పరచి, కుట్టు కిందికి వచ్చేలా తిప్పి, వెనక వైపు నుంచే చేయండి. ఆ ఫొటో, వెనక వైపు ఫొటో కూడా పెట్టండి. ముడులు ఎలా వేశారో, పోగులు ఎంత దూరం లాక్కొచ్చారో చూసి తర్వాతి దానికి ఏం మార్చాలో చెబుతాను.